పై రేకు, కింది రేకు

పోయిన వారం చింపులక్కని మనం ఫ్యాక్టరీ మేడమెట్ల మీద వదిలేశాం. చంకలో ఊడిపోయిన పలక, ఒళ్లంతా మంట. వారం రోజులూ ఆవిడ అక్కడే నిలబడి ఉందనుకునేరు. ఆవిడ నిలబడే రకం కాదు. మీరు పత్రిక మూశారో లేదో, మిగతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసింది.

ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. ఈ ఫ్యాక్టరీలో అంబులెన్సులకు తేలికపాటి అల్యూమినియం స్ట్రెచర్లు చేస్తారు. ఫ్యాక్టరీ నడిపేది అన్నయ్య. రేకులు అతికించే యంత్రం బావ చేతిలో ఉండేది. బావంటే అక్క మొగుడు. ముందు గదిలో కూర్చుని ఫోన్లు అందుకునేది అక్క. ఇక అతికించిన రేకుల్ని పీకి, మెలిపెట్టి, చింపి, అతుకు గట్టిదో కాదో తేల్చేది ఇంటికి చిన్నది. చదివింది లోహాల ఇంజనీరింగు, చేసేది చింపడం. అందుకే పనివాళ్లు చింపులక్క అని పేరు పెట్టారు. మొదట్లో మూతి ముడుచుకుంది గానీ, తర్వాత ఆ పేరుతో పిలిస్తేనే పలకడం అలవాటైంది.

నెల కిందట ఎవరింట్లోనో మెట్ల మీంచి రోగిని దించుతుంటే స్ట్రెచర్ వీపు పలక ఊడిపోయింది. ఒక పెద్దాయన తుంటి విరిగింది. యంత్రం సరిగ్గా పెట్టలేదని బావని ఆ మర్నాడే పనిలోంచి పక్కన పెట్టారు. ఇవాళ మధ్యాహ్నం అంబులెన్సుల వాళ్ల తరఫున ఒక మేడమ్ విచారణకి వస్తోంది. ఆవిడ ముందు బావ కూర్చుని, తప్పంతా నాదేనని ఒప్పుకోవాలట. ఒప్పుకుంటే ఉద్యోగం పోవడమే కాదు, జైలు దాకా కూడా పోవచ్చు. ఈ ఏర్పాటు చేసింది స్వయానా అన్నయ్య. కరిగించడానికి పంపబోయే తుక్కులోంచి ఆ ఊడిన పలకని చింపులక్క బయటికి లాగింది. లాగి, తిప్పి చూసింది. చూశాక ఆవిడ మేడ ఎక్కకుండా ఎలా ఉంటుంది?

తలుపు తట్టలేదు. అన్నయ్య అప్పుడే భోజనం డబ్బా మూత తీస్తున్నాడు.

"తిన్నావా?" అన్నాడు అలవాటుగా.

"నా తిండి తర్వాత. ముందు ఇది చూడు."

పలక బల్ల మీద పడింది. డబ్బా మూత ఎగిరి ఎక్కడో మూల దొర్లింది. అన్నయ్య పలక వంక చూశాడు, తర్వాత తలుపు వంక చూశాడు.

"ఇది నీకెక్కడిది?"

"నువ్వు కరిగించెయ్యమన్న తుక్కులోది. ఏం, ఎవరి కంటా పడకముందే మాయం చేసేద్దామనుకున్నావా?"

"అరవకు. కిందికి వినిపిస్తుంది."

"వినపడాలనే అరుస్తున్నా!"

ఇక్కడ ఆ యంత్రం సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే అన్నాచెల్లెళ్లు దేనికి కొట్టుకుంటున్నారో మనకి తెలియదు. పనివాళ్లు దాన్ని కవ్వం అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు రేకుల్లోకి ఒక గట్టి ఉక్కు కడ్డీ గిర్రున తిరుగుతూ దిగుతుంది. ఆ రాపిడికి అల్యూమినియం వేడెక్కి, కరగదు గానీ, కలిపిన పిండిలా మెత్తబడుతుంది. మెత్తబడ్డ రెంటినీ కవ్వం కలిపి చిలికేస్తుంది. పైకి వచ్చేసరికి రెండు రేకులూ ఆ చోట ఒకటే లోహం. మంట లేదు, పొగ లేదు, నిప్పురవ్వ లేదు. ఇదివరకటి కవ్వాలు పైకి వచ్చేటప్పుడు ఒక గుంత వదిలేవి. ఇప్పటి కొత్తరకం కవ్వం చుట్టూ ఒక గొట్టం కూడా తిరుగుతూ, పక్కకి పోయిన లోహాన్ని మళ్లీ ఆ గుంతలోకే తోసి పూడ్చేస్తుంది. మిగిలేది సన్నటి గుండ్రటి గీత మాత్రమే. ఈ యంత్రం వచ్చిన రోజున అన్నయ్య దాని చుట్టూ కొత్త దూడ చుట్టూ తిరిగినట్టు తిరిగాడు.

చింపులక్క వేలు ఇప్పుడు ఆ గుండ్రటి గీత మీదే ఉంది.

"ఇది ఏ వైపు ఉందో చెప్పు."

అన్నయ్య డబ్బాలో అన్నం కెలికాడు.

"రోగి పడుకునే రేకు పల్చన. దాని కింద ఆనుకునే పట్టీ మందం. కవ్వం పల్చటి వైపు నుంచి దిగాలి. అప్పుడే రేకుని దాటి పట్టీలోకి పోయి రెంటినీ కలుపుతుంది. గీత రేకు మీద పడాలి. ఇది పట్టీ మీద పడింది! అంటే తిరగేసి పెట్టారు. లోతు మాత్రం పాతదే ఉంచారు. కవ్వం పట్టీని చిలికి, రేకు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ వేడికీ, ఆ నొక్కుడుకీ రెండూ అంటుకున్నట్టు నటించాయి, అంతే. చేత్తో లాగితే రావు. బండిలో కొన్నాళ్లు గతుకులు తిని, ఒక మనిషి బరువు పడ్డాక వస్తాయి. వచ్చాయి!"

"పాఠం చెప్పక్కర్లేదు. నాకు తెలుసు."

తెలుసట. ఆ ఒక్క మాటకి చింపులక్క అరికాలి మంట నెత్తికెక్కింది.

"తెలుసా? నీకు తెలుసా?"

"తిప్పమన్నది నేనే" అన్నాడు అన్నయ్య, డబ్బా పక్కకి జరిపి. "ఆ గీతల్లో నెత్తురూ మురికీ చేరుతున్నాయి, ఎంత కడిగినా పోవడం లేదని అంబులెన్సుల వాళ్ల గోల. రోగి వైపు నున్నగా ఉండాలన్నారు. తిప్పితే గీతలు కిందికి పోతాయి. తిప్పాం. అందులో ద్రోహం ఏముంది?"

"తిప్పడంలో ఏమీ లేదు. లోతు మార్చాలి కదా!"

"మారిస్తే నున్నటి వైపు బొడిపెలు లేస్తున్నాయి. మీ బావ చేసి చూపించాడు. అవి లేవకుండా ఉండాలంటే వేరే కవ్వం, వేరే వేగం, మళ్లీ మొదట్నుంచి పరీక్షలు. నీ పరీక్షలు నాకు తెలియనివా? ఒక్కో అతుకునీ అడ్డంగా కోసి, రుద్ది, భూతద్దం కింద పెట్టి జాతకం చూస్తావు. అప్పటిదాకా బండ్ల వాళ్లు ఆగుతారా?"

"అయితే బావ నీకు ముందే చెప్పాడన్న మాట."

"చెప్పాడు."

"చెప్పిన మనిషినే ఇవాళ బలిపశువుని చేస్తున్నావు! అక్క ముఖం ఎలా చూస్తావు అన్నయ్యా నువ్వు? అద్దంలో నీ ముఖం ఎలా చూసుకుంటావు?"

అన్నయ్య లేచాడు. తలుపు దగ్గరికి వేసి వచ్చి, గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించాడంటే ఎదుటివాళ్లు జాగ్రత్త పడాలి.

"సరే, ఇప్పుడు నేనొకటి అడుగుతాను. తిప్పిన పలకలు నీ పరీక్ష ఎలా దాటాయి?"

చింపులక్క పలకని మళ్లీ తిప్పి చూసింది.

ఈ ఫ్యాక్టరీలో మొదట్నుంచీ ఒక పద్ధతుంది. పొద్దున్నే యంత్రం మీది మనిషి రెండు చిన్న ముక్కలు అతికించి, పరీక్ష గదికి తెచ్చి ఆవిడ బల్ల మీద పెడతాడు. ఆవిడ వాటిని చింపుతుంది. గట్టి అతుకైతే ఒక రేకులోంచి గుండీలాంటి బిళ్ల ఊడి వచ్చి రెండోదాన్ని పట్టుకుని ఉంటుంది. గుండీ వస్తే ఆ రోజు సరుకు మీద ఆవిడ ముద్ర పడుతుంది. అయితే ఆ చిన్న ముక్కల్ని పట్టుకునే చట్రం పాత పద్ధతికి చేసింది. పల్చటి ముక్క పైన ఉంటేనే ఇముడుతుంది, తిరగేస్తే అందులో పట్టదు. కింద పలకలు తిప్పారు గానీ చట్రాన్ని తిప్పాలని ఒక్కళ్లకీ తట్టలేదు. ఆవిడ రోజూ చింపింది పాతరకం అతుకులు. రోజూ గుండీలు చక్కగా వచ్చాయి.

"నీ బల్ల మీదికి వచ్చినవే చింపావు" అన్నాడు అన్నయ్య. "ఏనాడైనా కిందికి దిగి, వరసలోంచి నిండు పలక ఒకటి లాక్కుని చింపావా? లేదు. ముద్ర నీది. మీ బావ ఇవాళ నోరు విప్పితే ఆ మేడమ్ మొట్టమొదట పట్టుకునేది నీ మెడ. నిన్ను కాపాడ్డానికే వాడు ఒప్పుకున్నాడు. నేనేమీ కత్తి పెట్టి ఒప్పించలేదు."

ఇలాంటి మాట విన్నాక మరొకరైతే కుర్చీ వెతుక్కుని కూలబడి కళ్లు తుడుచుకునేవాళ్లు. చింపులక్కకీ ఆ మాట తగిలింది. తన మీద తనకి అసహ్యం వేసింది. నిజమే, ఎందుకు దిగలేదు? బల్ల దగ్గరికి వచ్చినదాన్ని చింపడం అంత హాయిగా ఎలా ఉండిపోయింది? కానీ ఆ అసహ్యం ఎంతోసేపు నిలవలేదు. కోపం దాన్ని పక్కకి తోసేసింది.

"నన్ను కాపాడమని నేనెవర్ని అడిగాను? నా తప్పు నాకు చెప్పకుండా, మీరిద్దరూ కూర్చుని నా పరువుకి బేరమాడతారా? ఆ పలకలు ఇంకా బండ్లలో తిరుగుతున్నాయి కదా, వాటి సంగతేంటి?"

"నెమ్మదిగా మార్చేద్దాం. ఎవరికీ తెలియకుండా."

"నెమ్మదిగానా? ఇంకో ముసలాయన తుంటి విరిగేదాకానా, మెడ విరిగేదాకానా? పోనీ, బావ వెళ్లాక యంత్రం నడుపుతోంది నువ్వే కదా. నువ్వైనా రేకులు మళ్లీ మామూలుగా పెడుతున్నావా?"

అన్నయ్య డబ్బా మూత కోసం వంగాడు.

"నడుస్తున్న ఆర్డరు మధ్యలో ఎలా మారుస్తాను..."

ఇంకేమీ వినలేదు ఆవిడ. తలుపు విసురుకి గోడ మీది గడియారం పక్కకి ఒరిగింది.

కింద భోజనాల వేళ. యంత్రాలు ఆగి ఉన్నాయి. కవ్వం పక్కన, పొద్దున అన్నయ్య చేతుల మీదుగా తయారైన పలకలు నిలువు వరసలో ఆనించి ఉన్నాయి. చింపులక్క అందులోంచి ఒకటి లాగింది. పనిముట్ల బల్ల మీంచి ఉలీ, సుత్తీ తీసుకుంది. చేతులు కడుక్కుని వస్తున్న పెయింటర్ నవ్వాడు.

"ఏంటి చింపులక్కా, ముక్కలు చాలక ఇవాళ నిండు పలకే?"

"ఇన్నాళ్లూ ముక్కలతో సరిపెట్టుకున్నందుకే ఈ గతి" అంది ఆగకుండా.

ముందు గదిలో అక్క బల్ల వెనక నుంచి లేచి అడ్డం వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మేడమ్ వచ్చేశారే. ఆయన్ని లోపలికి పిలిచారు. నువ్వు వెళ్లకు."

"అడ్డం లే అక్కా."

"ఈ ఒక్కసారికి నా మాట విను. ఆయన చెప్పేస్తారు, అంతటితో అయిపోతుంది."

"నీ మొగుడు చెయ్యని తప్పుకి జైలుకి పోతాడు. నీకు అది అయిపోవడమా? నీ ఒంట్లో నెత్తురుందా, నీళ్లున్నాయా?"

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. చింపులక్క ఆ చెయ్యి విదిలించుకుని ముందుకి పోయింది. పుట్టి బుద్ధెరిగాక అక్క చెయ్యి విదిలించుకోవడం అదే మొదలు.

సమావేశాల గదిలో పొడుగాటి బల్లకి ఒక చివర మేడమ్ కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, నిదానమైన చూపు. అడగాల్సింది అడిగి, ఎదుటివాళ్లు చెప్పేదాకా ఆగే మనిషి. రెండో చివర బావ, ఇస్త్రీ చొక్కాలో, కుర్చీ అంచున. చింపులక్క తలుపు తోసేసరికి ఆయన గొంతు వినపడుతోంది.

"...లోతు తప్పు పెట్టింది నేనేనండి. పొరపాటు జరిగిపోయింది."

"పొరపాటు కాదు, అబద్ధం!" అంది చింపులక్క.

మేడమ్ తలెత్తింది. "మీరు?"

"ఇక్కడ అతుకులు చింపే మనిషినండి."

పలకని బల్ల మీద బోర్లా పెట్టింది. రేకుకీ పట్టీకీ మధ్య ఉలి మొన ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. టక్కుమని అతుకు ఊడింది. పక్కది కొట్టింది, అదీ ఊడింది. మూడోదానికి సుత్తి ఎత్తేలోపే పట్టీ తనంతట తాను లేచి, బల్ల మీంచి జారి, కింద పడి మోగింది. ఆ చప్పుడుకి బావ ఉలిక్కిపడ్డాడు.

"గట్టి అతుకైతే నేను ఇలా కొట్టినప్పుడు రేకు చిరగాలండి. గుండీలాగా ఒక బిళ్ల ఊడి రావాలి. దీంట్లో చూడండి, ఒక్కటైనా ఉందేమో. రేకు మీద గాటు కూడా పడలేదు. ఎంత శుభ్రంగా ఊడిందో!"

మేడమ్ రేకు అందుకుని, లోపలి వైపు వేలితో రాసి చూసింది.

"ఇది ఆ పెద్దాయన స్ట్రెచర్‌దా?"

"కాదండి. ఇవాళ పొద్దున చేసింది."

మేడమ్ రేకుని మెల్లగా కింద పెట్టి బావ వైపు తిరిగింది.

"మీరు పనిలోకి రాక నెలవుతోంది కదా?"

బావ తలూపాడు. "అవునండి."

"మరి దీన్ని ఇవాళ ఎవరు అతికించారు?"

జవాబు చెప్పాల్సినవాడు అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అన్నయ్య చొక్కా చేతుల మీద ఇంకా తెల్లటి అల్యూమినియం పొడి మెరుస్తోంది. దులుపుకోవడం మర్చిపోయాడు.

"నేనే" అన్నాడు.

ఇదిగో, ఈ మాట కోసమే ఆవిడ ఇన్ని మెట్లు ఎక్కి దిగింది. గుండెల మీంచి ఒక బండ దిగినట్టయింది. అయినా ఆగలేదు.

"నా తప్పు కూడా రాసుకోండి మేడమ్. ముద్ర నాది. నా దగ్గరికి తెచ్చిచ్చిన ముక్కలే చింపాను, వరసలోంచి తీసి చింపలేదు. శిక్ష ఉంటే నాకు వెయ్యండి. బావకి కాదు. ఈయన ముందే చెప్పాడు, వినలేదు మా అన్నయ్య."

బావ గబుక్కున లేచాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి ముఖం ఎర్రబడింది.

"నిన్నెవరు రమ్మన్నారమ్మా ఇక్కడికి? నా మానాన నేను చెప్పుకుపోతుంటే, ఎవరు రమ్మన్నారు నిన్ను?"

ఆవిడ తెల్లబోయింది. కాపాడ్డానికి వస్తే తిట్టేవాళ్లని ఏమనాలి? ఈలోగా అన్నయ్య బల్ల దగ్గరికి వచ్చాడు. దొరికిపోయినవాడికి ఉండే తెగింపు అతనికి వచ్చేసింది.

"అందరూ నన్నే చూస్తున్నారేం? రేకులు తిప్పమన్నది మీరే కదా మేడమ్! నున్నటి వైపు పైకి రావాలని మా ప్రాణాలు తీసింది మీరే కదా!"

"అన్నాను" అంది మేడమ్, గొంతు పెంచకుండా. "అనలేదని నేను దాటెయ్యను. కానీ తిప్పితే బలం తగ్గదా అన్న అనుమానం నాకూ వచ్చింది. మీరు తగ్గదనే అంటారని నాకు తెలుసు కాబట్టి మిమ్మల్ని అడగలేదు. ఇక్కడికి ఫోన్ చేసి, పరీక్ష గదికి కలపమన్నాను. ఒకావిడ మాట్లాడింది. తిప్పిన పలకల్ని చింపి చూశామండి, ఇదివరకటికన్నా గట్టిగా ఉన్నాయండి అంది. ఆ మాట నమ్మే నేను సరేనన్నాను."

"పరీక్ష గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే" అంది చింపులక్క. "నేను మీతో ఏనాడూ మాట్లాడలేదు!"

"తెలుసు. మీరు లోపలికి వచ్చినప్పట్నుంచీ ఆ గొంతుతో మీ గొంతు పోల్చి చూస్తున్నాను. ఆవిడ మీరు కాదు. కానీ అచ్చం మీ గొంతే. ఇంకొంచెం మెత్తన, అంతే తేడా."

అన్నయ్య తల వంచుకున్నాడు. బావ మళ్లీ కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఫోన్లో కన్నతల్లి కూడా పోల్చుకోలేకపోయేది అక్కాచెల్లెళ్లిద్దరి గొంతులు. అబద్ధం చెప్పమన్నది ఎవరో అన్నయ్య తలే చెబుతోంది. చెప్పింది ఎవరో బావ చేతులు చెబుతున్నాయి. ఆయన జైలుకి పోవడానికి సిద్ధపడింది మరదలి కోసం కాదు.

"అక్కా!" అని అరిచింది, తలుపు వైపు తిరిగి.

ముందు గదిలో ఫోన్ మోగుతోంది. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తడం లేదు.